పోరు, పరుగు, చెలిమి
విద్యార్థినీ విద్యార్థుల ఒత్తిడిపై నూరేండ్ల పరిశోధన

అనంతపురము పీఠభూమిలో సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి మేఘములలోని నీరు చాలవరకు తరిగిపోవును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి బలహీనపడును. రెండింటికిని అందీ అందక యుండు ఈ నేలలో వేరుసెనగ విత్తిన రైతు జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఆకాశము వంక చూచుచుండును. కళాశాలలు తెరచు కాలమును అదియే. విత్తనములకును, చదువు రుసుములకును ఒకే చేతి నుండి, ఒకే ఋతువులో డబ్బు రావలెను.

ఇట్టి యింటి నుండి అన్నయు చెల్లెలును కళాశాలలో చేరినారనుకొందము. పరీక్షలు దగ్గరపడినవి, వాన జాడ లేదు. అన్న మాటలు తగ్గించి, పొద్దుపోవు వరకు బయట తిరిగి వచ్చుచున్నాడు. చెల్లెలు తలనొప్పియని, నిద్ర పట్టుట లేదని తల్లితోను, స్నేహితురాండ్రతోను చెప్పుకొనుచున్నది. చూచినవారు "ఆడపిల్ల బెదిరినది, మగపిల్లవాడు ధైర్యముగా నున్నాడు" అందురు. ఈ తీర్పు సరియైనదేనా? స్త్రీ పురుషులు ఒత్తిడిని వేరువేరు విధముల అనుభవింతురా, లేక ఒకే అనుభవమును వేరువేరు విధముల వెలిబుచ్చుదురా? శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నారు. ఆ వెదకులాట చరిత్రను తెలిసికొన్నచో మన తరగతి గదిలోని పిల్లలను సరిగా చూచుట అలవడును.

పిల్లి కడుపులో కనబడిన సంగతి

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో వాల్టర్ కానన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఉండెను. 1895లో ఎక్స్ కిరణములు కనుగొనబడిన కొలది కాలమునకే ఆయన వాటి సాయముతో పిల్లుల జీర్ణకోశములో ఆహారము కదలు తీరును పరిశీలింప మొదలిడెను. పిల్లి నెమ్మదిగా నున్నంతసేపు జీర్ణకోశము అలలు అలలుగా కదలుచుండెను. దానికి కోపముగాని, భయముగాని కలిగినంతనే ఆ కదలిక ఆగిపోయెను. మనసులోని కలత కడుపును తాకుచున్నదన్నమాట!

కారణము వెదకగా, మూత్రపిండములపై టోపీవలె అమరియుండు అడ్రినల్ గ్రంథుల పాత్ర బయటపడెను. అపాయము ఎదురైనపుడు ఇవి అడ్రినలిన్ అను హార్మోనును రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును. కాలేయములో నిలువయున్న చక్కెర రక్తములోనికి వచ్చును. జీర్ణకోశమునకు పోవు రక్తము తగ్గి, కండరములకు పోవు రక్తము పెరుగును. జంతువు తిరుగబడి పోరుటకో, పారిపోవుటకో సిద్ధమగును. 1915లో వెలువడిన తన గ్రంథములో కానన్ ఈ సంగతులను వివరించెను. "పోరు లేక పరుగు" అను భావము నాటి నుండి క్రమముగా శాస్త్రములో స్థిరపడెను. ప్రశ్నపత్రము చేతికి వచ్చునపుడు నోరెండుట, అరచేతులు చెమర్చుట, కడుపులో దేవినట్లగుట — ఇవన్నియు ఆ పాత ఏర్పాటు చేయు పనులే. ఎదుట పులి లేకున్నను శరీరము పులిని ఎదుర్కొనుటకే సిద్ధపడుచున్నది.

1914 నాటి లెక్క

రక్తములో చక్కెర మిక్కిలి హెచ్చినచో అందులో కొంత మూత్రములోనికి దిగును. ఈ సూత్రమును ఆధారముగా గొని ఫోలిన్, డెనిస్, స్మిల్లీ అను ముగ్గురు పరిశోధకులు విద్యార్థులనే పరీక్షించి, ఫలితములను 1914లో ప్రకటించిరి. వీరిలో డెనిస్ స్త్రీ. రెండవ సంవత్సరపు వైద్య విద్యార్థులు 34 మందిని వారు ముఖ్యమైన పరీక్షకు ముందును, వెనుకను పరిశీలించిరి. ఒకనికి ముందునుండియే మూత్రములో చక్కెర యుండుటచే అతనిని లెక్కనుండి తీసివేసిరి. మిగిలిన 33 మందిలో పరీక్ష ముగిసిన వెంటనే 6గురికి చక్కెర కనబడెను. అనగా నూటికి 18 మంది. అట్టి పరిశీలననే ఒక మహిళా కళాశాలలోను జరిపిరి. ముందు రోజున చక్కెర లేని 36 మంది విద్యార్థినులలో పరీక్ష పిదప 6గురికి కనబడెను. అనగా నూటికి 17 మంది.

ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. పరీక్ష వలన కలిగిన కలత చక్కెర రూపమున ఉభయులలోను ఇంచుమించు సమానముగా కనబడినది. నాటి పద్ధతి మోటుది; పాల్గొన్నవారు కొద్దిమంది. అందుచేత దీనినే తుది తీర్పుగా గైకొనరాదు. అయినను పురుషులను, స్త్రీలను వేరువేరుగా లెక్కించి, పోల్చి చూచుట అను మంచి అలవాటు ఇందులో గలదు. కానన్ ఈ ఫలితములను తన గ్రంథములో ఉదాహరించెను. తరువాత ఆ అలవాటు చాలకాలము మూలబడెను.

పులి భయము వేరు, కరువు భయము వేరు

1936లో కెనడాలోని మాంట్రియల్ నగరమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో పనిచేయుచున్న హాన్స్ సెల్యే 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖను ప్రకటించెను. ఎలుకలను చలిలో ఉంచినను, గాయపరచినను, అలసిపోవునట్లు పరుగెత్తించినను, హానికరమైన మందు లిచ్చినను, వాటి శరీరములో ఒకే విధమైన మార్పులు కలుగుచున్నవని ఆయన తెలిపెను. అడ్రినల్ గ్రంథులు ఉబ్బెను. ఛాతీలోని థైమస్ గ్రంథి కుంచించుకుపోయెను. జీర్ణకోశములో పుండ్లు లేచెను. బాధపెట్టు కారణము ఏదైనను శరీరము ఇచ్చు జవాబు ఒకటే. ఈ జవాబునకు ఆయన మూడు దశలు చెప్పెను: మొదట ఉలికిపాటు, పిదప నిలద్రొక్కుకొనుట, తుదకు అలసి సోలిపోవుట. యంత్రశాస్త్రములో దూలముపై బరువు కలిగించు ప్రభావమునకు వాడు 'ఒత్తిడి' అను మాట ఆయన మూలముననే జీవశాస్త్రములో వ్యాపించెను.

కానన్ చూచినది ఎక్కువగా మొదటి దశను. మూడవ దశను అర్థము చేసికొనుటకు మన అనంతపురము చక్కని తావు. పులి వచ్చును, పోవును. అడ్రినలిన్ కొలది నిమిషములలో తగ్గును. కరువు అట్లు పోదు. ఒక యేడు పంట పోయిన, అప్పు మరుసటి యేటికి ప్రాకును. తండ్రి బెంగుళూరునకు కూలికి పోవును. ఇంటికి వచ్చిన ప్రతి ఫోను పిలుపును పిల్లలు అనుమానముతో వినుచుందురు. ఇట్టి దీర్ఘకాలపు ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథుల పైపొర నుండి వచ్చు కార్టిసాల్ అను మరియొక హార్మోను ముఖ్యమైనది. మితముగా, కొలదికాలము వెలువడినపుడు ఇది మేలు చేయును. నెలల తరబడి దీని క్రమము చెడినచో నిద్ర, జ్ఞాపకశక్తి, రోగనిరోధక శక్తి దెబ్బతినును. చదివినది గుర్తుండుట లేదని విద్యార్థి చెప్పినపుడు అది ఎల్లప్పుడును సోమరితనము కాదని గ్రహింపవలెను.

సగము మంది లేని లెక్క

ఇరువదవ శతాబ్దములో ఒత్తిడిపై వేలకొలది ప్రయోగములు జరిగెను. కాని మనుష్యులపై జరిగిన ప్రయోగములలో పాల్గొన్నవారు ఎక్కువగా పురుషులే. 1995కు పూర్వము ఒత్తిడి వలన హార్మోనులలోను, శరీరములోను కలుగు మార్పులను గూర్చి ప్రయోగశాలలలో జరిగిన పరిశోధనలలో స్త్రీలు నూటికి సుమారు 17 మంది మాత్రమే యుండిరని తరువాతి కాలమున లెక్కతేలినది. ఋతుచక్రము ననుసరించి స్త్రీల హార్మోనులు మారుచుండును గనుక ఫలితములు కలగాపులగమగునని పరిశోధకులు సాకు చెప్పిరి. అనగా, తెలిసికొనవలసిన విషయమునే అడ్డంకిగా భావించి తొలగించిరి! పురుషులలో కనబడినది 'మానవుని' ధర్మమనిపించుకొనెను. దానితో సరిపోలని స్త్రీ ప్రవర్తన 'బలహీనత' అనిపించుకొనెను.

ప్రయోగశాలలలో స్త్రీలు తక్కువగా నున్న ఆ కాలమున ఉన్నత విద్యాలయములలోను వారు తక్కువే. అనంతపురములో దత్తమండల కళాశాల 1916లో ఏర్పడినది. నేటి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల అదియే. ఇంజనీరింగు కళాశాల 1946లో గిండీ కళాశాల పేరుతోనే విశాఖపట్నమున మొదలై, 1948లో అనంతపురమునకు తరలివచ్చినది. ఆ గిండీ కళాశాలలోనే కొలది సంవత్సరములకు పూర్వము మన విషయమునకు సంబంధించిన ఒక ఘట్టము జరిగినది.

గిండీలో ముగ్గురు విద్యార్థినులు

అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున భర్త మరణించునాటికి ఆమె చేతిలో నాలుగు నెలల కూతురుండెను. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. ఆయన ప్రయత్నమునకు ప్రిన్సిపాలు కె.సి. చాకో సమ్మతి తోడై, 1940లో లలితకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ప్రవేశము దొరకినది. వందలకొలది పురుషుల నడుమ ఆమె ఒక్కతయే విద్యార్థిని. పాఠములు ఆమెకు భారము కాలేదు. వసతిగృహములోని ఒంటరితనము భారమైనది. అప్పుడు కళాశాలవారు స్త్రీలకు ప్రవేశము గలదని ప్రకటించిరి. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అను మరి ఇద్దరు సివిల్ ఇంజనీరింగులో చేరిరి. 1944 నాటికి ముగ్గురును పట్టభద్రులైరి. లలిత తరువాత కలకత్తాలోని ఒక విద్యుత్ పరికరముల సంస్థలో పనిచేసి, భాక్రానంగల్ ప్రాజెక్టు పరికరముల రూపకల్పనలో పాలుపంచుకొనెను. 1964లో న్యూయార్కు నగరమున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశమునకు హాజరయ్యెను.

ఇందులో గమనింపవలసినది ఒకటి గలదు. లలిత ఎదుర్కొన్న ఒత్తిడికి విరుగుడు ఆమెను మరింత గట్టిపరచుట కాదు. ఆమెకు తోడు కల్పించుట. నాటి పెద్దలు అనుభవముతో చేసిన పనికి శాస్త్రములో పేరు దొరకుటకు ఆరు దశాబ్దములు పట్టినది.

స్టాక్‌హోములో ఒక మలుపు

1970వ దశకమున స్వీడను దేశములో మరియాన్ ఫ్రాంకెన్‌హాయ్సర్ అను పరిశోధకురాలు స్త్రీ పురుషులను మరల ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించెను. తెలివికి సంబంధించిన పరీక్ష పెట్టినపుడు పురుషులలో అడ్రినలిన్ బాగుగా హెచ్చెను. స్త్రీలలో హెచ్చుదల స్వల్పము. అయినను స్త్రీలు పురుషులకు తీసిపోకుండ పరీక్ష చేసిరి. పాఠశాల తుది పరీక్షల సమయమున చూడగా ఉభయులలోను అడ్రినలిన్ పెరిగెను. బాలురలో ఎక్కువ పెరిగెను. కాని, "ఎట్లున్నది?" అని అడిగినపుడు బాలికలే తమ అసౌకర్యమును ఎక్కువగా చెప్పిరి. మాటలలో బాలిక కలతపడినది. రక్తములో బాలుడు ఎక్కువ కలతపడినాడు! మన కథలోని అన్న నిబ్బరమును, చెల్లెలి బెదురును ఈ వెలుగులో మరల చూడుడు.

ఇది పుట్టుకతో వచ్చిన భేదమేనా? 1978లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో ఇంజనీరింగు చదువుచున్న స్త్రీలను పరీక్షించిరి. వారిలో అడ్రినలిన్ పురుషులలో వలెనే హెచ్చెను. మగవారి వృత్తులుగా పేరుపడిన పనులలో నున్న ఇతర స్త్రీలలోను ఇట్లే కనబడెను. ఆ స్వభావము గలవారే ఆ చదువునకు వచ్చిరా, లేక ఆ చదువు వారి నట్లు మార్చెనా అన్నది వేరు ప్రశ్న. శరీరపు జవాబులో లింగభేదముతో పాటు మనిషి నిలిచిన చోటునకును భాగము గలదని మాత్రము తేలినది.

చెలిమి కూడ ఒక రక్షణయే

1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయమువారు ఒత్తిడిని కొలుచుటకు ఒక పద్ధతిని రూపొందించిరి. ముఖమున ఏ భావమును చూపని న్యాయనిర్ణేతల యెదుట ఐదు నిమిషములు ప్రసంగింపవలెను. పిదప 1,022 నుండి వరుసగా 13 చొప్పున తీసివేయుచు ఐదు నిమిషములు లెక్క చెప్పవలెను. తప్పినచో మరల మొదటినుండి. ఉమ్మిలోని కార్టిసాల్‌ను కొలువగా సగటున పురుషులలో హెచ్చుదల ఎక్కువగా కనబడెను. అయితే ఋతుచక్రపు రెండవ భాగములో నున్న స్త్రీలలో హెచ్చుదల పురుషులకు దగ్గరగా నుండెనని 1999లో తేలెను. పూర్వులు అడ్డంకిగా తలచినదే ఇచట సమాధానములో భాగమైనది.

2000వ సంవత్సరమున లాస్ ఏంజిలీస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన షెల్లీ టేలరును, ఆమె సహచరులును ఒక క్రొత్త ఊహను ప్రతిపాదించిరి. బిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి పోరును, పరుగును రెండును కష్టమే. ఆమెకు బిడ్డను కాచుకొనుట, ఇతరులతో చేయి కలుపుట మేలైన రక్షణలు. ఆక్సిటోసిన్ మొదలగు హార్మోనులు ఇందుకు తోడ్పడునని వారి భావన. "పోరు లేక పరుగు" ప్రక్కన "ఆదరణ, చెలిమి" అను మార్గము ఇట్లు శాస్త్రములో చేరినది. గిండీలో జరిగినది దీనికి చక్కని ఉదాహరణము.

2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో జరిగిన ప్రయోగము మరియొక సంగతిని వెల్లడించినది. లెక్కలలో, మాటల పరీక్షలో గెలుపోటములు ఎదురైనపుడు పురుషులలో కార్టిసాల్ ఎక్కువ హెచ్చెను. తోటివారు తమను వెలివేసినట్లు మాటలలో ప్రక్కన పెట్టినపుడు స్త్రీలలో ఎక్కువ హెచ్చెను. కనుక ఎవరికి ఒత్తిడి ఎక్కువ అని అడుగుట కంటె, ఎవరికి ఏది ఒత్తిడి అని అడుగుట మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఇవన్నియు సగటు లెక్కలు. సగటున పురుషులు స్త్రీలకంటె పొడవరులు. అంతమాత్రమున ప్రతి పురుషుడును ప్రతి స్త్రీకంటె పొడవరి కాడు. ఒత్తిడి విషయమున ఈ కలయిక ఇంకను ఎక్కువ. ఒత్తిడికి లోనైన పురుషులు తోటివారిని నమ్ముట, వారితో పంచుకొనుట ఎక్కువ చేయుదురని ఒక ప్రయోగము 2012లో తెలిపినది. చెలిమి స్త్రీల సొత్తు మాత్రమే కాదు. అది పురుషులకును అందుబాటులో నున్నది. మగపిల్లలకు దానిని వాడుకొను అనుమతియే లోకములో తక్కువ.

నెమరువేయు మనసు

చెప్పుకొనుట మంచిదే గాని, అందులోను ఒక చిక్కు గలదు. 1989 అక్టోబరు 17న కాలిఫోర్నియాలో పెద్ద భూకంపము వచ్చెను. అంతకు రెండు వారములకు ముందు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సుసాన్ నోలెన్-హోక్సెమా విద్యార్థుల మనఃస్థితిని వేరొక పనికై నమోదు చేసియుండెను. భూకంపము పిదప వారినే మరల పరీక్షించగా, జరిగినదానిని ఆవు మేత నెమరువేసినట్లు తలచి తలచి కుమిలిపోవు అలవాటు ముందునుండి గలవారు ఎక్కువ దిగులుకు లోనైరని తెలిసెను. ఈ అలవాటు సగటున స్త్రీలలో కొంత ఎక్కువ. పురుషులలో బాధనుండి దృష్టి మరల్చుకొను అలవాటు తరచుగా కనబడును. ఆటలోనికి మరల్చుకొన్న మేలే. మద్యములోనికి మరల్చుకొన్న హాని.

అందుచేత తోడు రెండు విధములు. ఒకటి, ఇద్దరు కూర్చుండి ఒకే బాధను పదిసార్లు త్రవ్వుకొనుట. రెండవది, బాధను విని, "రేపు ఉదయము మనము చేయగల పని ఏది?" అని కలిసి ఆలోచించుట. రుసుము గడువు పెంచుమని అర్జీ వ్రాయుట, విద్యార్థివేతనపు కాగితములు సరిచూచుట, ఒక పాఠమును కలిసి చదువుట — ఇవి చిన్న పనులే. కాని సెల్యే చెప్పిన రెండవ దశలో మనిషిని నిలిపి, మూడవ దశలోనికి జారకుండ కాపాడునవి ఇట్టివే.

మన తరగతి గదిలో

1968లో అనంతపురమున శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రమును, శ్రీ సత్యసాయి మహిళా కళాశాలయు ఏర్పడినవి. ఆ కేంద్రమే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. ఇంజనీరింగు కళాశాల 2008లో ప్రత్యేక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు కేంద్రమైనది. నేడు ఈ విద్యాలయములలో బాలికలు అరుదు కారు. వారి ఒత్తిడికి కారణములు మాత్రము ఇంకను ఒకటి కాలేదు. పరీక్ష తప్పిన బాలునికి "సంపాదన ఎప్పుడు?" అను ప్రశ్న ఎదురగును. పరీక్ష తప్పిన బాలికకు చదువు మాన్పించి పెండ్లి చేయుదురేమో యను భయము ఎదురగును. వాన పడని యేట ఈ రెండు బరువులును పెరుగును.

ఈ విషయము తేలికగా తీసికొనదగినది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2021లో మన దేశమున 13,089 మంది విద్యార్థులు ఆత్మహత్యకు లోనైరి. అన్ని వయస్సులవారిని కలిపి చూచినచో ఇట్టి మరణములలో స్త్రీలు నూటికి సుమారు 27 మంది. విద్యార్థులలో మాత్రము బాలికలు నూటికి సుమారు 43 మంది. బాలురు మౌనముగా నున్నంత మాత్రమున క్షేమముగా నున్నట్లు కాదు; బాలికలు చెప్పుకొనుచున్నంత మాత్రమున వారి మాటను తేలికగా కొట్టివేయరాదు. ఈ లెక్క రెండింటిని చెప్పుచున్నది.

2025 జూలై 25న సుప్రీము కోర్టు, విశాఖపట్నమున జరిగిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన కేసులో, విద్యాసంస్థలన్నిటికి 15 మార్గదర్శక సూత్రములను విధించెను. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోను శిక్షణ పొందిన సలహాదారు ఉండవలెను. మార్కులను బట్టి పిల్లలను వేరు చేయుట, నలుగురిలో అవమానించుట కూడదు. అధ్యాపకులకు ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వవలెను. యేల్ ప్రయోగమును గుర్తు చేసికొన్నచో ఈ నిషేధములలోని అర్థము తెలియును: మార్కుల వర్గీకరణము ఓటమి భయమును, నలుగురిలో అవమానము వెలివేత భయమును రగిలించును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక సులభమైన పరిశీలన చేయింపవచ్చును. ఇష్టపడిన విద్యార్థులు మాత్రమే పాల్గొనవలెను. ప్రతివారును కూర్చుండి తమ నాడిని ఒక నిమిషము లెక్కించి కాగితముపై వ్రాయవలెను. తరువాత 1,022 నుండి 13 చొప్పున మనసులో రెండు నిమిషములు తీసివేయుచు పోయి, మరల నాడిని లెక్కింపవలెను. పేర్లు లేకుండ, బాలుడో బాలికయో మాత్రము గుర్తు పెట్టి కాగితములు సేకరింపవలెను. రెండు వర్గముల సగటులను కట్టి, పిదప ఒక్కొక్కరి సంఖ్యలను నల్లబల్లపై వరుసగా గుర్తింపుడు. రెండు వర్గముల సగటుల మధ్య తేడా కంటె, ఒకే వర్గములోని ఇద్దరి మధ్య తేడా సాధారణముగా ఎక్కువగా నుండును. సగటు అనగా నేమో, దానితో ఒక మనిషిని ఎందుకు కొలువరాదో విద్యార్థులు తమ చేతి నాడి ద్వారానే తెలిసికొందురు.

పిల్లలలో రెండు వారములకు పైగా నిద్ర చెడుట, తిండి తగ్గుట, స్నేహములు విడుచుట, ఇష్టమైన పనులపై ఆసక్తి పోవుట, బ్రతుకుపై విసుగు మాటలు వినబడుట గమనించినచో ఆలస్యము చేయరాదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలక, చాటుగా పిలిచి, తొందరపడక వినవలెను. పెద్దలకును, వైద్యునకును తెలుపవలెను. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యతో రేయింబవళ్లు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి తరగతి గది గోడపై వ్రాయించుట ఒక సుద్దముక్క ఖర్చు. బాలికల గదిలోను, బాలుర గదిలోను అది కనబడవలెను.